స్నానం చేయించినా కుక్కకు మళ్లీ ఫ్లీలు వస్తుంటే

స్నానం చేయించినా మా కుక్కకు ఫ్లీలు (రక్తం పీల్చే చిన్న పురుగులు) మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఇంట్లో పిల్లి కూడా ఉంది, ఏం చేయాలని ఒకరు అడిగారు. వారికి నా జవాబు ఇది. ఈ పురుగులు కుక్క మీద కంటే మీ ఇంట్లోనే ఎక్కువ ఉన్నాయి. చలికి చస్తాయిలే అని అక్టోబరులో చుక్కల మందు (కుక్క చర్మం మీద వేసే ఫ్లీల మందు) ఆపేశానన్నారు, అదే దెబ్బకొట్టింది. హైదరాబాద్ చలి వాటికి ఒక లెక్క కాదు, అందులోనూ ఇంటి లోపల.

చాలామంది వదిలేసేది కుక్క పడక. గుడ్లు ఒంటి మీద నిలవవు, పడుకున్న చోటల్లా రాలతాయి. పిల్ల పురుగు గూడు కట్టుకున్నాక స్ప్రే కూడా సరిగా ఎక్కదు. వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే ఉండి, వెచ్చదనం, అడుగుల అదురు తగలగానే బయటికి దూకుతుంది.

1. దుప్పటి, సోఫా కవర్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.
2. సోఫా సందులు, మంచం కింద, గోడ వారన రోజూ వాక్యూమ్ పట్టండి. ఆ దుమ్ము వెంటనే కవర్లో మూటగట్టి బయట పడేయండి. ఇంట్లోనే ఉంచితే చేసిందంతా దండగ.
3. చుక్కల మందు కుక్క బరువును బట్టి డాక్టరు చెప్పినది, నెలనెలా, కనీసం 3 నెలలు. వేసిన రెండు రోజుల దాకా స్నానం వద్దు.
4. పిల్లి కూడా ఉందన్నారు కదా, కుక్క మందు దానికి వేయకండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నదైతే పిల్లి ప్రాణానికే ముప్పు.

సన్నదువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలకల్ని తడి టిష్యూ మీద వేసి చూడండి. ఎర్రటి మరక పడితే అవి రక్తం తాగిన పురుగుల రెట్టలు, అంటే ఫ్లీలు ఇంకా ఉన్నట్టే. మొదటి కొన్ని వారాలు కొత్తవి కనబడతాయి, టెన్షన్ పడొద్దు. గూళ్లలో మిగిలినవే అవి.