చదువు డబ్బుతో పాత బొమ్మల పుస్తకాలు కొనవచ్చా?

ప్రశ్న: రాబిన్ హుడ్, ఆర్థర్ రాజు, ట్రెజర్ ఐలాండ్ లాంటి సాహస గాథల పాత సచిత్ర ముద్రణలు సేకరిస్తుంటాను. అమ్మాయి కాలేజీ చదువు కోసం నెలనెలా ఫండ్లలో వేస్తున్న మొత్తంలో సగం వీటికి మళ్లించి, ఎనిమిదేళ్ల తర్వాత అమ్మితే లాభమేనా?

జవాబు: చదువు డబ్బు జోలికి వెళ్లకండి. ఫీజు కట్టే తేదీ ఆగదు, పుస్తకం కొనేవారు మాత్రం ఆ తేదీకే దొరకాలని లేదు.

ఒక్కసారి లెక్క వేద్దాం. వేలంలో పాట 100 దగ్గర ఆగిందనుకోండి. కొన్నవారి దగ్గర వేలం సంస్థ తీసుకునే ప్రీమియం 25 శాతమైతే మీ చేతి నుంచి పోయేది 125. తిరిగి అమ్మేటప్పుడు కమీషన్ 15 శాతమైతే, ఆ 125 వెనక్కి రావాలంటే పాట 147 దాకా వెళ్లాలి. అంటే ఎనిమిదేళ్లపాటు ధర ఏటా దాదాపు 5 శాతం పెరిగినా మీకు మిగిలేది సున్నా. రవాణా, బీమా ఖర్చులు ఇందులో కలపలేదు. డీలరుకు ఇస్తే డబ్బు త్వరగా వస్తుంది కానీ, అతను తిరిగి అమ్మే ధరలో సగమో, అంతకన్నా తక్కువో ఇస్తాడు.

అలాగని ఈ ఇష్టాన్ని వదులుకోమని నేను అనను. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా ఉండి, ఎక్కువ వడ్డీ అప్పులేవీ లేకపోతే, మొత్తం పొదుపులో 5 శాతం మించకుండా పెట్టుకోండి. క్రెడిట్ కార్డు మీద మాత్రం ఒక్క పుస్తకం కూడా వద్దు.

ఆ 5 శాతం నిలబడేదీ కరిగిపోయేదీ కొనే రోజునే తేలిపోతుంది. ఎన్.సి.వైయెత్ బొమ్మలతో స్క్రిబ్నర్స్ 1911లో వేసిన ట్రెజర్ ఐలాండ్‌నే తీసుకోండి. ఆ పుస్తకం తర్వాత ఎన్నోసార్లు మళ్లీ అచ్చయింది. ఆ ప్రతుల కాపీరైట్ పేజీలో కూడా 1911 అనే ఉంటుంది. దాన్ని చూసి తొలి ముద్రణ అనుకుని ఎక్కువ ధర పెట్టేవారు చాలామంది. టైటిల్ పేజీ మీది సంవత్సరం కూడా 1911 కావాలి. ఆ పైన రంగుల ప్లేట్లు, అంటే విడిగా అచ్చువేసి పుస్తకంలో చేర్చిన బొమ్మల పేజీలు, లెక్కపెట్టండి. తొలి ముద్రణలో 14 ఉంటాయి, తర్వాతి కొన్ని ముద్రణల్లో తగ్గించేశారు.

చిత్రకారుడు ఆర్థర్ రాక్‌హామ్ బొమ్మలు వేసిన పుస్తకాల్లో ప్రమాదం మరో రకం. 1917 నాటి ఆర్థర్ రాజు గాథకు ఆయన సంతకంతో 500 ప్రతుల ప్రత్యేక ముద్రణ ఉంది, మామూలు ముద్రణ వేరు. రెండింటి ధరకూ పోలికే లేదు కాబట్టి సంతకమూ, ఆ ప్రతి క్రమసంఖ్యా ఉన్న పేజీ ఫొటో అడగండి. ఆ కాలపు ఖరీదైన ముద్రణల్లో ప్లేట్లను పై అంచు దగ్గర మాత్రమే అంటించేవారు. జిగురు ఎండితే అవి ఊడిపోతాయి. కొందరైతే ఫ్రేములు కట్టి అమ్ముకోవడానికి కత్తిరించేస్తారు. చిత్రాల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. ఒక్కటి లేకపోయినా కొనకండి, ఎంత చవకైనా సరే. పుస్తకంతో వచ్చిన అసలు జాకెట్ (అట్ట మీద తొడిగే కాగితం) ఉంటే ధర బాగా పెరుగుతుంది, అందుకే నకలు జాకెట్లు కూడా తిరుగుతుంటాయి. జాకెట్ అసలుదేనని రసీదు మీద రాయించుకోండి.

ఇంట్లో పుస్తకాన్ని ఎండ తగలని చోట, బయటి గోడకు ఆనించకుండా, తేమ 40 నుంచి 50 శాతం ఉండేలా దాచండి. తేమ పెరిగితే ప్లేట్ల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. చిరుగులకు సెలోటేప్ వేయకండి, దాని మరక కాగితంలోకి దిగిపోతుంది. జాకెట్‌కు పాలిస్టర్ కవరు చాలు.

మామూలు గృహ బీమాలో ఇలాంటి సేకరణలకు పరిమితి ఉంటుంది, కొన్ని పాలసీల్లో అసలు చేర్చరు. విలువైన ప్రతులను పేరు పేరునా పాలసీలో రాయించండి. రసీదులు, టైటిల్ పేజీ, ప్లేట్ల ఫొటోలు ఇంటి బయట ఇంకో చోట కూడా ఉంచండి. రేపు అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవారు మొదట అడిగేదీ ఆ కాగితాలే.