ఫాంట్ మార్చినా తెలుగు మారదేం?

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు టీచర్ని. మా నాన్నగారు చేత్తో రాసుకున్న పద్యాల నోటుబుక్కులు టైపు చేస్తున్నాను. మా అబ్బాయి పాత లాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు కుబుంటు అనే లినక్స్ వేసి, కేట్ అనే ఎడిటర్ చూపించి వెళ్ళాడు. అక్షరాలు చిన్నగా ఉండి కళ్ళు లాగుతున్నాయి, ఒత్తులు కింద తెగిపోతున్నాయి. ఫాంట్ మారిస్తే ఇంగ్లీషు మారుతోంది గానీ తెలుగు మారడం లేదు. ఏది పెట్టుకోవాలి? ఫైలు పంపితే, విండోస్ వాడే మా తమ్ముడి దగ్గరా అదే ఫాంట్ ఉండాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచరుగారూ, మీరు మారుస్తున్న ఫాంట్లలోనే ఉంది తిరకాసు. హ్యాక్, డెజావు సాన్స్ మోనో, ఉబుంటు మోనో... వీటిలో తెలుగు అక్షరాలే లేవు. ఎడిటర్‌కి ‘క’ కావలసి వచ్చినప్పుడు లినక్స్ తనకు తోచిన వేరే తెలుగు ఫాంట్ నుంచి తెచ్చి ఇస్తుంది. మీరు పైన ఏది ఎంచుకున్నా ఆ అరువు ఫాంట్ మారదు. పైగా కేట్ లైను ఎత్తుని మీరు ఎంచుకున్న ఇంగ్లీషు ఫాంట్ కొలతతోనే లెక్కేస్తుంది. ‘రాష్ట్రం’ లాంటి మాటకి కింద రెండు ఒత్తుల చోటు కావాలి. అది దొరక్క తెగుతున్నాయి.

కాబట్టి తెలుగు ఫాంట్‌నే నేరుగా పెట్టండి. కేట్ సెట్టింగ్స్‌లో ఫాంట్ ఎంచుకునే చోట ‘మోనోస్పేస్ మాత్రమే చూపించు’ అన్న అర్థంలో ఒక టిక్కు ఉంటుంది, అది తీసేయండి. అక్షరాలన్నీ ఒకే వెడల్పుతో ఉండాలన్న నియమం ప్రోగ్రాములు రాసేవాళ్ళకి. సీసపద్యానికి దాంతో పనిలేదు.

అక్కడే నమూనా వాక్యం కనిపిస్తుంది. దాన్ని చెరిపి మీ మాటలు రాయండి: కథ, కధ, లక్ష్మి, స్త్రీ, కిటికీ, మావు, వుమా. ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నేను అందం తర్వాత చూస్తాను. ‘థ’లో చుక్క కనబడుతోందా, ‘కి’కీ ‘కీ’కీ తేడా తెలుస్తోందా, ‘మ’, ‘వు’ ఒకేలా ఉన్నాయా, ఇవే ముందు. ‘కధ’ అని రాసేవాళ్ళు ఎలాగూ ఎక్కువే. ఆ తప్పు పట్టాలంటే ముందు చుక్క కనిపించాలి కదా!

నా ఓటు నోటో సాన్స్ తెలుగుకి, సైజు 14తో మొదలుపెట్టండి. గీత మందం సమంగా ఉంటుంది, ఒత్తులకి చోటు ధారాళం. లైన్లు మరీ ఎడంగా అనిపిస్తే మండలి చూడండి. పోతన 2000 అచ్చుపుస్తకంలా ముచ్చటగా ఉంటుంది, కానీ తెర మీద నాకు సన్నం. రామభద్ర శీర్షికలకే, దాంతో పేజీలు టైపు చేస్తే తలనొప్పి ఖాయం. ఫాంట్ ఫైలు దింపుకుని డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ బటన్ వస్తుంది. ఆ తర్వాత కేట్ మూసి మళ్ళీ తెరవండి.

పాత పద్యాలన్నారు కాబట్టి ఇంకో పరీక్ష: అరసున్న, ఱ, ౘ, ౙ కూడా కొట్టి చూడండి. చివరి రెండూ యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పట్టికలో, చేరింది 2008లోనే. అంతకుముందు తయారై మార్పులు జరగని ఫాంట్లలో అవి ఖాళీ పెట్టెలుగా రావచ్చు, లేదా వేరే ఫాంట్ నుంచి అతుకు వేసినట్టు కనబడవచ్చు.

తమ్ముడిగారి గురించి టెన్షన్ వద్దు. కేట్‌లో దాచేది ఉత్త టెక్స్ట్, అందులో ఫాంట్ పేరు ఉండదు. యూనికోడ్‌లో టైపు చేశారు గనక విండోస్‌లోని గౌతమి, నిర్మలా లాంటి ఫాంట్లతో ఆయన హాయిగా చదువుకోవచ్చు.