ఇంట్లో స్విమ్మింగ్ పూల్‌కు పర్మిషన్ కావాలా?

ప్రశ్న: నల్లగొండలో 400 గజాల స్థలంలో ఇల్లు కడుతున్నాం. వెనక వైపు చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టిద్దామని మావారి కోరిక. మేస్త్రీ ఏమో "సంపు లాంటిదే కదమ్మా, పర్మిషన్ ఎందుకు" అంటున్నాడు, ప్లాన్ గీసే ఆయన చూపించాల్సిందే అంటున్నారు. మా బాబుకు మూడేళ్లు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ప్లాన్ గీసే ఆయన మాటే వినండమ్మా. 2020లో వచ్చిన బీపాస్ చట్టం, అంటే మన తెలంగాణ భవన అనుమతుల చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు, అంటే దాదాపు 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టే ఇంటికి సొంత ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. మీరు రాసిచ్చిన దానికి మీదే బాధ్యత, కాబట్టి పూల్‌ను ప్లాన్‌లో దాచొద్దు. అది సెట్‌బ్యాక్‌లోకి, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి వస్తుందేమో మున్సిపల్ ఆఫీసులో ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గడం నిజంగా మంచి మార్పు. కానీ అనుమతి అనగానే మన ధ్యాసంతా సెట్‌బ్యాక్, ఎత్తు, రోడ్డు వెడల్పు మీదే ఉంటుంది, నీళ్ల దగ్గరికి పసిపిల్లలు వెళ్లకుండా ఏం అడ్డం ఉందని అడిగేవాళ్లు తక్కువ. న్యూజిలాండ్‌లో ఇళ్లలోని పూల్స్ చుట్టూ కంచె ఉండాలని 1987లోనే చట్టం చేశారు, 2017 జనవరి 1 నుంచి ఆ నిబంధనలను భవన నిర్మాణ చట్టంలోనే కలిపారు. అక్కడ 40 సెంటీమీటర్లు, అంతకు మించి నీళ్లు నిలిచే పూల్‌కు ఐదేళ్ల లోపు పిల్లలు ఒంటరిగా లోపలికి పోలేని అడ్డం ఉండాలి. సాధారణంగా కంచె 1.2 మీటర్ల ఎత్తు, గేటు బయటికి తెరుచుకుని దానంతట అదే మూసుకోవాలి. మూడేళ్లకోసారి తనిఖీ కూడా ఉంటుంది, ఎందుకంటే కొత్తలో బాగా పడిన గేటు గడియ కొన్నాళ్లకు వదులైపోతుంది.

మన దగ్గర కూడా పూల్ ఉన్న ఇంటి దరఖాస్తులో కంచె, గేటు కొలతలకు ఒక పేజీ పెట్టి, నీళ్లు నింపకముందే ఒకసారి ఎవరైనా వచ్చి చూసిపోతే చాలు, అనుమతి ఆలస్యం కాదు, పసిప్రాణాలకు రక్షణ దొరుకుతుంది. మూత లేని సంపులకూ ఇదే వర్తించాలని నేను గట్టిగా అంటాను. ఆ రూలు వచ్చేదాకా మీరు ఆగొద్దు, బాబు ఉన్న ఇల్లు కాబట్టి కంచె బిగించాకే నీళ్లు వదలండి.

ఇంకొకటి, నీళ్లు. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు పూల్‌కు 21,600 లీటర్లు పడతాయి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు పోసినా నిండదు. దానికోసం కొత్త బోరు వేయిద్దామంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. నీళ్లను ఫిల్టర్ చేసి మళ్లీ మళ్లీ వాడుకునే ఏర్పాటు లేకపోతే మన జిల్లాలో పూల్ ఆలోచన మానుకోవడమే నయం.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. డాబా మీద వేడినీళ్ల స్పా టబ్ పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు బరువు చూడండి. 1,500 లీటర్ల నీళ్లంటేనే టన్నున్నర, టబ్బు, అందులో కూర్చునే మనుషుల బరువు అదనం. స్లాబ్ ఆగుతుందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుతో లెక్క కట్టించి, కాగితం మీద రాయించుకోండి. న్యూజిలాండ్‌లో 5 చదరపు మీటర్లు దాటని, గోడ కనీసం 76 సెంటీమీటర్ల ఎత్తున్న వేడినీళ్ల టబ్బుకు భద్రంగా బిగించే మూత ఉంటే దాన్నే అడ్డంగా ఒప్పుకుంటారు. మీరూ తాళం పడే మూత ఉన్నదే కొనండి. కరెంటు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే బ్రేకర్) పెట్టించి, ఎర్తింగ్ చూపించుకున్నాకే స్విచ్ వేయండి.