జీతం దిర్హాముల్లో, ఖర్చూ దిర్హాముల్లోనే

ప్రశ్న: హైదరాబాద్‌లో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. నెలకు చేతికి 78 వేలు వస్తుంది. దుబాయ్ నుంచి 11,000 దిర్హాముల ఆఫర్ వచ్చింది. బేసిక్ 4,400, ఇంటి అలవెన్సు 3,850, ప్రయాణం 1,100, ఇతరాలు 1,650. రూపాయల్లో రెండున్నర లక్షలు దాటుతోంది, పైగా పన్ను లేదంటున్నారు. నా భార్య, ఒకటో తరగతికి వచ్చిన పాపతో కలిసి వెళ్లొచ్చా?
– ఓ పాఠకుడు, మియాపూర్

జవాబు: దిర్హామ్ 24 రూపాయలనుకుంటే మీ లెక్క తప్పు కాదు, 2,64,000 వస్తుంది. కానీ ఆ గుణకారం ఇప్పుడు కాదు, చివర్లో చేయాలి. ముందు ఖర్చంతా దిర్హాముల్లో రాసి, మిగిలిందాన్నే రూపాయల్లోకి మార్చండి. జీతాన్ని రూపాయల్లో, ఖర్చును అక్కడి ధరల్లో చూసుకున్నవాళ్లే ఎక్కువగా బోల్తా పడుతుంటారు.

మొదట అద్దె. అల్ నహ్దా, ఇంటర్నేషనల్ సిటీ లాంటి చోట్ల ఒక పడకగది ఇంటికి ఏడాదికి 60,000 అనుకుందాం. ఈ అంకె మా దగ్గర తీసుకోకండి. బయూత్, ప్రాపర్టీ ఫైండర్, డుబిజిల్ వెబ్‌సైట్లలో మీ ఆఫీసుకు అరగంట దూరంలో ఈ వారం పెట్టిన పది ఇళ్లు చూసి, మధ్యలో ఉన్న అద్దె వేసుకోండి. 60,000 అయితే నెలకు 5,000. అంటే కంపెనీ ఇస్తానంటున్న ఇంటి అలవెన్సు అప్పుడే చాల్లేదు. అద్దె మీద 5 శాతం హౌసింగ్ ఫీజు ఉంటుంది. అది కరెంటు, నీళ్ల సంస్థ డీవా బిల్లులో నెలనెలా కలిసి వస్తుంది, మీకు 250 పడుతుంది. ఇల్లు చూసేటప్పుడు 'చిల్లర్ ఫ్రీయా?' అని తప్పకుండా అడగండి. కాకపోతే ఏసీ చల్లదనానికి వేరే కంపెనీ వేరే బిల్లు పంపుతుంది. ఎండాకాలంలో ఆ బిల్లు ముందు మన మే నెల కరెంటు బిల్లు చిన్నబోతుంది.

మిగతావి కలుపుదాం. కరెంటు, నీళ్లు 450. ఇంటర్నెట్, రెండు ఫోన్లు 450. మెట్రో, బస్సులకు అన్ని జోన్ల నెల పాసు 350, ఇంట్లోవాళ్ల తిరుగుడుకు 150. వంట సరుకులు, పాలు, కూరలు 1,600. భారతీయ సిలబస్ బడి ఫీజు, బడి బస్సు, పుస్తకాలు కలిపి నెలకు 1,100 అని సర్దాం. మీకు సీటు దొరికే బడిని బట్టి ఇది రెట్టింపూ కావచ్చు, కాబట్టి ఆ బడి ఫీజుల పట్టిక తెప్పించుకోకుండా ఆఫర్ ఒప్పుకోకండి. మీ ఆరోగ్య బీమా కంపెనీ బాధ్యత. భార్యకు, పాపకు మాత్రం మీరే చేయించాలి. దానికి, ఇద్దరి వీసాలకు కలిపి నెలసరి వాటా 300. ఏడాదికోసారి ముగ్గురూ ఊరొచ్చి వెళ్లడానికి 300. మందులు, బట్టలు, సెలవురోజు షికారు 500. మొత్తం 10,450.

మిగిలేది 550. ఇప్పుడు గుణించండి: 13,200 రూపాయలు. హైదరాబాద్‌లో మీకు ఇంతకంటే ఎక్కువే మిగులుతుండొచ్చు. దానికి కంపెనీ వేసే పీఎఫ్ వాటాను, మీ భార్య ఉద్యోగం చేస్తుంటే ఆమె జీతాన్ని కూడా కలిపి పోల్చాలి.

ఇవన్నీ నడుస్తున్న నెలల లెక్క. మొదటి నెల దెబ్బ వేరు. అక్కడ అద్దె నెలనెలా కాకుండా ముందు తేదీలు వేసిన చెక్కుల మీద కడతారు. నాలుగు చెక్కుల ఒప్పందమైతే మొదటిదే 15,000. డిపాజిట్ 5 శాతం, 3,000 (ఫర్నిచర్ ఉన్న ఇంటికి 10 శాతం). ఏజెంటు కమిషన్ 5 శాతం, వ్యాట్‌తో 3,150. డీవా డిపాజిట్ అపార్ట్‌మెంటుకు 2,000, కనెక్షన్ రుసుము వేరు. అద్దె ఒప్పందాన్ని ప్రభుత్వ నమోదు వ్యవస్థ ఎజారీలో నమోదు చేయడానికి రెండు వందల పైచిలుకు. అన్నీ కలిపితే 23,500 దాకా, అంటే మీ రెండు నెలల జీతం కంటే ఎక్కువ. మంచం, ఫ్రిజ్ ఇందులో లేవు. చెక్కుబుక్కుకు బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు అక్కడి గుర్తింపు కార్డు ఎమిరేట్స్ ఐడీ కావాలి, ఐడీకి కొన్ని వారాలు పడుతుంది. అన్ని రోజులూ హోటల్ గది అద్దె మీదే. కుటుంబంతో కలిసి దిగితే చేతిలో డబ్బు ఇక్కడే అయిపోతుంది.

షార్జాలో అద్దె తక్కువని చాలామంది అటు చూస్తారు. నిజమే, కానీ అక్కడికి మెట్రో లేదు. పొద్దున రద్దీలో దుబాయ్ చేరడానికి గంటన్నర పట్టినా ఆశ్చర్యపోకండి. కారు కొంటే సాలిక్ టోల్ రద్దీ వేళల్లో ఒక్కో గేటుకు 6 దిర్హాములు, పెట్రోలు, పార్కింగ్, బీమా అదనం. అద్దెలో మిగిలింది రోడ్డు మీద పోతుంది.

బేసిక్ 4,400 అంటే మొత్తంలో 40 శాతమే. అక్కడ ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే కడతారు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున. మీ బేసిక్‌తో అది ఏడాదికి 3,080. బేసిక్ 60 శాతం, అంటే 6,600 ఉంటే 4,620. నెల జీతం అదే, ఐదేళ్లకు తేడా 7,700. వాడుకోని సెలవుల డబ్బుకూ బేసిక్కే ఆధారం. కంపెనీలు అలవెన్సులు పెంచి బేసిక్ తగ్గించేది ఇందుకే.

కాబట్టి మొత్తం పెంచమని పట్టుబట్టే ముందు ఇవి అడగండి: బేసిక్ 60 శాతం చేయమని, భార్యాపిల్లల బీమా, ఏడాదికోసారి టికెట్లు, మొదటి నెల వసతి, అన్నిటికంటే ముఖ్యంగా ఏడాది అద్దె అడ్వాన్సుగా ఇచ్చి జీతంలో నెలనెలా కోసుకోమని. ఈ చివరి దానికి కంపెనీ పెట్టేది ఏడాది వడ్డీ మాత్రమే, మీకు తప్పేది 23,500 గండంలో పెద్ద భాగం. నోటిమాట చెల్లదు. కార్మిక శాఖ మోహ్రే పద్ధతిలో వచ్చే ఆఫర్ లెటర్‌లో ప్రతి అంకె ఉండాలి.

పన్ను సంగతికొస్తే, మీరు విమానం ఎక్కే తేదీ చూసుకోవాలి. ఉద్యోగం కోసం వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటేనే ఎన్ఆర్ఐ. సెప్టెంబరు మూడో వారంలోపు వెళ్లి, మార్చి దాకా తిరిగి రాకపోతే ఇబ్బంది లేదు. నవంబరులో వెళితే ఆ ఏడాది మీరు రెసిడెంటే, మార్చి దాకా దుబాయ్‌లో తీసుకున్న జీతాన్ని ఇక్కడి రిటర్నులో చూపి పన్ను కట్టాల్సిందే. వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) మార్చి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి.

మా సలహా: మొదటి ఏడాది మీరొక్కరే వెళ్లండి. గది వాటా 1,800, తిండి 900, పాసు 350, ఫోను 150, పైఖర్చులు 400, మొత్తం 3,600. మిగిలే 7,400 అంటే 1,77,600 రూపాయలు. ఇక్కడి ఇంటి ఖర్చు పోనూ చెక్కుల డబ్బు కూడుతుంది. ఈలోగా ఆరు నెలలకు మించకూడని ప్రొబేషనూ గడిచిపోతుంది. కుటుంబాన్ని మొదటిరోజే తీసుకెళ్లాలంటే ఈ పద్దు ప్రకారం మొత్తం 14,000 దగ్గరైనా ఉండాలి.

ప్రశ్న: మా తమ్మునికి దుబాయ్‌ల హెల్పర్ పని, 1,200 దిర్హాములు, రూము కంపెనీదే. తిండి సొంతం. ఓటీ (ఓవర్‌టైమ్)తో 2,000 దాటుతదని, లక్షా ఇరవై వేలు కట్టాలని ఏజెంటు అంటున్నడు. అప్పు తెచ్చి పంపొచ్చా?
– ఓ అక్క, జగిత్యాల

జవాబు: ఓటీ లెక్క ముందు చూద్దామమ్మా. కాంట్రాక్టులో బేసిక్ ఎంతో అడగండి. 800 అనుకుంటే గంటకు 3.33, ఓటీ గంటకు పావు వంతు కలిపి 4.17. చట్టం రోజుకు రెండు గంటలకు మించి ఒప్పుకోదు. 26 రోజులు పూర్తిగా చేసినా 217 దిర్హాములు. 2,000 ఎక్కడిది?

1,200లో తిండికి 400, ఫోను, సబ్బులు, క్షవరం లాంటివాటికి 120 పోతే 680 మిగులుతుంది, 16,320 రూపాయలు. లక్షా ఇరవై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,600 వడ్డీకే పోతుంది. మిగిలిన 12,720 మొత్తం అసలుకే కట్టినా తీరేసరికి తొమ్మిది నెలలు. అప్పటిదాకా ఇంటికి రూపాయి రాదు.

అసలు అంత కట్టాల్సిన పని లేదు. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. వీసా, నియామక ఖర్చులు యజమానే భరించాలని యూఏఈ చట్టం. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు లైసెన్సు నంబరు కొట్టి చూడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ అడగండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోవద్దు. అలా వెళ్లినవాళ్లకు జీతం ఆగితే చూపడానికి కాంట్రాక్టు కాగితమే ఉండదు. తమ్ముడిది ఈసీఆర్ (వెళ్లేముందు ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టయితే 275 రూపాయలకు రెండేళ్లు, 375కు మూడేళ్లు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా తప్పక ఉండాలి. ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఏడాదికి 52,000 యూరోల ఆఫర్. ఒంటరిని. సరిపోతుందా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: 52,000ని పన్నెండుతో భాగించి 4,333 అనుకోకండి. ఆదాయపు పన్ను, పింఛను, ఆరోగ్య, నిరుద్యోగ, వృద్ధ సంరక్షణ బీమాలు పోను, పెళ్లికాని వారికి పడే ఒకటో తరగతి పన్నుతో చేతికి 2,800 యూరోల చుట్టూ వస్తుంది. జీతం పన్నెండు వాయిదాలా, పదమూడా అన్నదీ కనుక్కోండి. పదమూడైతే ప్రతినెలా వచ్చేది ఇంకా తగ్గుతుంది.

ఇళ్ల ప్రకటనల్లో 'కాల్ట్' అంటే ఉత్త అద్దె, 'వార్మ్' అంటే వేడి, నీళ్ల ఖర్చు కలిసింది. చాలా ఇళ్లలో కరెంటు వార్మ్‌లోనూ ఉండదు. వార్మ్ 1,400 దొరికితే జీతంలో సగం. డిపాజిట్ మూడు కాల్ట్ అద్దెల వరకు అడగొచ్చు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. రేడియో, టీవీ ప్రసారాలకు ప్రతి ఇల్లూ కట్టే రుసుము నెలకు 18.36 యూరోలు. వంటగదిలో స్టవ్వు, అల్మారాలు కూడా లేకుండా ఇచ్చే ఇళ్లుంటాయి, చూసుకోండి. ఒక్కరికి సరిపోతుంది. షేరింగ్ ఫ్లాట్‌లో ఉంటే బాగానే మిగులుతుంది.