రాగి కేకు విరిగిపోతోందా? కోర్సుకు ముందు చేయాల్సిన పని

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. కేకులంటే ప్రాణం. మైదా వద్దని అంతా రాగిపిండితోనే చేస్తోంది. కత్తి పెట్టగానే పొడిపొడి అయిపోతోంది. బేకరీ కోర్సులో చేర్చమంటారా?
- ఒక తల్లి, తిరుపతి

జవాబు: చేర్చండమ్మా. కానీ ఫీజు కట్టేలోపు, ఆ కేకు ఎందుకు విరుగుతోందో అమ్మాయి చేతనే కనిపెట్టించండి.

మైదా తడిస్తే గ్లూటెన్ అనే జిగురు సాగి, పొంగిన గాలిని పట్టి ఉంచుతుంది. రాగిలో అది లేదు. సంగటిలో ముద్ద కట్టేది ఉడికిన గంజి పదార్థం, జిగురు కాదు. అందుకే సంగటి బాగా కుదిరే చేతికి కూడా కేకు కుదరదు.

మొదట మైదా, చక్కెర, వెన్న 100 గ్రాముల చొప్పున, రెండు గుడ్లు, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్‌తో మామూలు కేకు చేయమనండి. తర్వాత 25 గ్రాముల మైదా తీసి అంతే రాగిపిండి వేయాలి. ఆ పైవారం 50. రాగిపిండి నానడానికి పోసే పాలు తప్ప మిగతావేవీ కదపకూడదు. రాగిపిండిని రెండు చెంచాల గోరువెచ్చని పాలలో పావుగంట నానబెట్టి కలిపితే పంటి కింద ఇసుకలా తగలదు. కప్పులతో కొలవొద్దు. అదే కప్పులో జల్లించి పోసిన మైదాకూ అదిమి నింపిన మైదాకూ ముప్పై నలభై గ్రాములు తేడా వస్తుంది. చిన్న డిజిటల్ కాటా కొనివ్వండి.

గోధుమపిండిలో జిగురు ఉంది, కానీ అందులోని పొట్టు నీళ్లు తాగేస్తుంది, జిగురును తెంపుతుంది. సగం మైదా బదులు వేస్తే పాలు రెండు చెంచాలు పోయాలి. బియ్యప్పిండి కేకుకన్నా బిస్కెట్లకు నప్పుతుంది, కరకరలాడతాయి.

రేపు మైదా లేని రాగి కేకు అమ్మకానికి పెట్టినా 'గ్లూటెన్ ఫ్రీ' అని తొందరపడి రాయనివ్వకండి. గోధుమలు ఆడించిన మరలోనే రాగులు ఆడిస్తే ఆ పిండి కలుస్తుంది. కొందరికి ఆ కాస్తయినా పడదు.

నాలుగు వారాల తూకాలు, ఫలితాలు నోటుబుక్కులో రాశాక కాలేజీలు చూడండి. తిరుపతిలోనే ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్, స్టేట్ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. బైపీసీ అడ్డు కాదు. వెళ్లినప్పుడు ఒక్కటి గట్టిగా అడగండి: వారానికి ఎన్ని గంటలు పిల్లలే స్వయంగా ఓవెన్ దగ్గర పని చేస్తారు?