పనులు మీదపడి ఊపిరాడనప్పుడు ఏ టు-డూ యాప్ పెట్టుకోవాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి అడిగారు: ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు, మంచంలో ఉన్న అత్తగారు. ఏ పనీ గుర్తుండటం లేదు. మూడు యాప్‌లు వేసుకుని మూడూ తీసేశారట. అన్నిటికంటే సులువైన టు-డూ యాప్, అంటే చేయాల్సిన పనులు రాసుకునే యాప్ ఏది, డబ్బు కట్టి తీసుకుంటే ఏమైనా మేలు ఉంటుందా అని.

ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పేస్తానమ్మా. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే గూగుల్ టాస్క్స్, ఐఫోన్ అయితే అందులోనే వచ్చే రిమైండర్స్. రెండూ ఉచితమే. డబ్బు కట్టవద్దు, కనీసం ఇప్పుడు వద్దు. అయితే యాప్ మార్చినంత మాత్రాన మీ టెన్షన్ తగ్గదు. నాకు తగ్గలేదు. అందుకే నా సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కడప చిన్నచౌకులో మా ఇంటి ముందుగదిలోనే మిషన్ పెట్టుకుని పదకొండేళ్లుగా జాకెట్లు, చుడీదార్లు కుడుతున్నాను. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ 11న వచ్చాయి. మా ఊళ్లో కుట్టుపని చేసేవాళ్లకు ఇదెంత బరువో చెప్పలేను. మామూలుగా ఒక పండగ బట్టలు అప్పగించి, నాలుగు రోజులు నడుం వాల్చి, రెండో పండగ బట్టలు అందుకుంటాం. ఆ ఏడు రెండూ కలిసి వచ్చాయి. అదే మార్చి 18 నుంచి 30 దాకా మా పాపకు పదో తరగతి పరీక్షలు. మామగారికి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయి, రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయాలి. ఇవి కాక డ్వాక్రా కంతు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ ఎలాగూ ఉన్నాయి.

అప్పుడు మా చెల్లెలు ఒక యాప్ వేసిచ్చింది. మంచి పేరున్న యాపే, పేరు ఇక్కడ అనవసరం. అందులో ప్రాజెక్టులు, లేబుళ్లు, నాలుగు రంగుల ప్రాధాన్యాలు ఉన్నాయి. ఒక సాయంత్రమంతా కూర్చుని పనులన్నీ ఎక్కించాను. ఉగాది జాకెట్లకు ఒక రంగు, రంజాన్ డ్రెస్సులకు ఒక రంగు, ఇంటిపనికి ఒకటి. ఆ రాత్రి మనసు చాలా తేలికపడింది. ప్రతిదానికీ ఒక తేదీ కూడా పెట్టాను. మూడో రోజుకల్లా సగం పనుల గడువు దాటిపోయి తెర మొత్తం ఎర్రబడింది. ఫోన్ తీస్తే గుండె దడ. నాలుగో రోజు నుంచి ఆ యాప్ తెరవడమే మానేశాను.

అల్మాస్‌పేట నుంచి ఒక ముస్లిం అక్క, నేను ఆపా అని పిలుస్తాను, నా దగ్గరికి వస్తుంటారు, మొదటి ఏడాది నుంచీ. వాళ్ల చిన్నమ్మాయి రంజాన్ డ్రెస్సు గుడ్డ మార్చి మొదటివారంలోనే ఇచ్చారు. అందరికంటే ముందు ఇచ్చారు కాబట్టే ఆ పని జాబితాలో అట్టడుగుకు పోయింది. 10వ తేదీ సాయంత్రం నెలవంక కనబడ్డాక ఆ పిల్ల డ్రెస్సు కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. గుడ్డ మిషన్ కింద సంచిలోనే ఉంది, కత్తెర కూడా పెట్టలేదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని కుట్టాను. మా ఆయన బండి మీద వెళ్లి ఇచ్చి వచ్చారు. ఆపా ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నా ముఖం చూసిన చూపు మాత్రం నాకింకా గుర్తుంది.

పండగ అయ్యాక కూర్చుని ఆలోచించాను. నేను యాప్‌ను ఎంచుకున్నది తీరిగ్గా ఉన్న సాయంత్రం. వాడాల్సి వచ్చింది మాత్రం చేతిలో కత్తెర, స్టవ్ మీద పాలు, గుమ్మంలో ఇద్దరు మనుషులు ఉన్నప్పుడు. మీరు కూడా యాప్‌ను ఆ గడియలో పరీక్షించి చూడండి. అత్తగారికి అన్నం తినిపిస్తూ ఉండగా ఏదో పని గుర్తొస్తుంది. అప్పుడు ఒంటిచేత్తో ఫోన్ తీసి, పది లెక్కపెట్టేలోగా ఆ మాట రాసి పక్కన పెట్టేయగలగాలి. ఏ ప్రాజెక్టు, ఏ రంగు, ఏ లేబుల్ అని అడిగే యాప్ మీకు ఇప్పుడు పనికిరాదు. అవి మంచి సౌకర్యాలే. ఆఫీసులో పదిమంది కలిసి చేసే పనికి అవి కావాలి. ఒంటరిగా, అలిసిపోయి ఉన్న మనిషికి ఆ ప్రశ్నలు కూడా పనులే.

గూగుల్ టాస్క్స్ నాకు సరిపోయింది ఇందుకే. ప్లస్ గుర్తు నొక్కి మాట రాస్తే చాలు, తేదీ పెట్టకపోయినా ఊరుకుంటుంది. జీబోర్డ్ కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే మైక్ నొక్కి తెలుగులోనే చెప్పొచ్చు. 'రేపు వై.వి. స్ట్రీట్‌లో లైనింగ్ గుడ్డ తేవాలి' అంటే అలాగే పడుతుంది. ఒకటో రెండో అక్షరాలు తప్పు పడినా మన మాట మనకు అర్థమవుతుంది. దాని విడ్జెట్‌ను, అంటే జాబితా కనబడే చిన్న పెట్టెను, ఫోన్ మొదటి తెర మీదే పెట్టుకోండి. యాప్ లోపలికి వెళ్లే పని కూడా తప్పుతుంది.

నేను అందులో రెండే జాబితాలు పెట్టాను. ఒకటి 'ఈరోజు', రెండోది 'తర్వాత'. ఏది గుర్తొచ్చినా నేరుగా 'తర్వాత'లో పడేస్తాను. 'ఈరోజు'లో ఐదుకు మించి ఉండవు. ఐదు పూర్తయితేనే కొత్తది తీసుకుంటాను. రెండు గంటలకే ఐదూ అయిపోయిన రోజులున్నాయి, రెండే అయిన రోజులూ ఉన్నాయి. మిగిలిన మూడింటిని రాత్రి మళ్లీ చూస్తాను. నిన్న మిగిలిపోయిన పనులు పొద్దున్నే కళ్లబడితే బాధ కలిగేవాళ్లకు మైక్రోసాఫ్ట్ టు డూ బాగుంటుంది. అందులో 'మై డే' అనే పేజీ రోజూ ఖాళీగా మొదలవుతుంది. మిగిలిన పనులు ఎక్కడికీ పోవు, సూచనల్లో కనబడతాయి. వాటిలోంచి ఈరోజుకు కావలసినవి మాత్రం తెచ్చుకోవచ్చు. అది కూడా ఉచితమే. మా చెల్లెలు అదే వాడుతోంది.

తేదీల సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. నిజంగా గడువున్న పనికే తేదీ పెట్టండి. కరెంటు బిల్లుకు ఉంది, డ్వాక్రా కంతుకు ఉంది, స్కూలు ఫీజుకు ఉంది. 'బీరువా సర్దాలి' అనేదానికి లేదు. చేస్తే బాగుండు అనుకున్న పనికి మనమే ఒక తేదీ వేసి, అది దాటగానే తప్పు చేసినట్టు కుమిలిపోతాం. నేను ఇలాంటి తేదీలు మానేసిన రోజునే యాప్ అంటే భయం పోయింది. ప్రతినెలా వచ్చే కంతులు, బిల్లులకు మళ్లీమళ్లీ వచ్చేలా ఒక్కసారి పెట్టేస్తే మరి ఆలోచించే పని లేదు.

మందులను ఈ జాబితాలో కలపకండి. మామగారి చుక్కల మందుకు నేను ఫోన్‌లో నాలుగు అలారాలు పెట్టాను. అలారం మోగితే లేచి వేసి రావడమే. జాబితాలో రాస్తే నేను చూసినప్పుడే గుర్తొస్తుంది, మందుకు అలా కుదరదు. మీ అత్తగారి మందులకూ అలాగే చేయండి.

రాసే తీరు కూడా మార్చుకున్నాను. మొదట్లో 'ఆపా డ్రెస్సు' అని రాసేదాన్ని. అది చూసిన ప్రతిసారీ పెద్ద కొండలా కనబడి పక్కకు తప్పుకునేదాన్ని. ఇప్పుడు 'ఆపా డ్రెస్సు చేతులు కత్తిరించాలి' అని రాస్తాను. అది పదినిమిషాల పని. చేతులు కత్తిరించాక ఒళ్లు కత్తిరించకుండా ఎవరూ లేవరు. మీరు 'అత్తగారి ఆసుపత్రి' అని రాసి ఉంటే, దాన్ని 'డాక్టరుగారి అపాయింట్‌మెంట్‌కు ఫోన్ చేయాలి' అని మార్చండి. వాక్యం చివర 'చేయాలి', 'తేవాలి', 'అడగాలి' అని ఒక పని ఉండాలి. ఉత్త పేరు రాస్తే అది పని కాదు, దిగులు.

ఇక రాత్రి సంగతి. ఆ మార్చిలో నాకు నిద్ర ఉండేది కాదు. పడుకోగానే ఎవరి గుడ్డ కత్తిరించలేదు, ఎవరి ఫాల్ వేయలేదు అని వరసగా గుర్తొచ్చేవి. ఇప్పుడు పడుకునేముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసేసి ఫోన్ పక్కన పెడతాను. నిద్ర పట్టింది. ఇది నా ఒక్కదానికేనా అనుకునేదాన్ని. తర్వాత చదివాను, అమెరికాలో బేలర్ యూనివర్సిటీవాళ్లు 57 మంది యువతీయువకులతో దీన్నే పరీక్షించి 2018లో ప్రచురించారట. పడుకునేముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టిందట. తొమ్మిది నిమిషాలేగా అనిపించొచ్చు. పడుకుని పైకప్పు చూస్తూ ఉండే మనిషికి అది తక్కువ కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ 31న వచ్చాయి. ఈసారి ఒక్కరోజే తేడా. మార్చి 5న జాబితా ముందు పెట్టుకుని లెక్క వేశాను. హుక్కులు, చేతికుట్టు ఇంకో అమ్మాయి చూసుకుంటే నేను రోజుకు ఐదు కుట్టగలను. ఆదివారాలు కూడా కలిపి చేతిలో 25 రోజులు, అంటే 125. అప్పటికే ఒప్పుకున్నవి 118 ఉన్నాయి. ఆ సాయంత్రమే గుమ్మానికి బోర్డు పెట్టాను, పండగలకు కొత్త బట్టలు తీసుకోవడం లేదని. కొందరు నొచ్చుకున్నారు. ఒకరిద్దరు వేరేచోటికి వెళ్లి మళ్లీ రాలేదు. కానీ ఒప్పుకున్న ప్రతి గుడ్డా సమయానికి ఇచ్చాను. ఆపావాళ్ల అమ్మాయి డ్రెస్సు 22వ తేదీకే అందింది. అంతకుముందు ఏడు నాది మతిమరుపు అనుకున్నాను. నిజానికి చేయగలిగినదానికంటే ఎక్కువ ఒప్పుకున్నాను, ఎక్కడా లెక్క రాసుకోలేదు కాబట్టి అది నాకు తెలియలేదు.

మీ విషయంలోనూ అదే అయి ఉండొచ్చు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మంచంలో ఉన్న మనిషి. ఇది ఒక్కరు గుర్తుపెట్టుకోలేని పని కాదు, ఒక్కరు చేయలేని పని. ఈ ఆదివారం ఒక గంట కూర్చుని, ముందు కాగితం మీద అన్నీ రాయండి. యాప్ తర్వాత. రాశాక ఒక్కొక్కదాని పక్కన ఎవరు చేయాలో రాయండి. మీ ఆయన పేరు, పిల్లల పేర్లు, అవసరమైతే ఆడబిడ్డ పేరు. మా ఇంట్లో సరుకుల జాబితా గూగుల్ కీప్ అనే నోట్సు యాప్‌లో ఉంది, అది మా ఆయన ఫోన్‌లోనూ కనబడుతుంది. చింతపండు అయిపోయిందని నేను రాస్తే ఆయన వచ్చేటప్పుడు తెచ్చి టిక్ పెడతారు. నోరు తెరిచి అడగాల్సిన పని లేకపోవడం కూడా ఒక విశ్రాంతి. గూగుల్ టాస్క్స్‌లో సొంత జాబితాను ఇలా ఇంకొకరితో పంచుకోలేం, అందుకే దీనికి కీప్.

ఒకమాట చెప్పనివ్వండి. రాసుకుని, పంచుకున్నాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, అది యాప్‌తో తీరేది కాదు. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఆర్డర్లు, కొలతలు మాత్రం నేను ఇప్పటికీ పుస్తకంలోనే రాస్తాను. ఆది జాకెట్టు తీసుకున్న తేదీ, ఇవ్వాల్సిన రోజు రాసి, పక్కనే గుడ్డ ముక్క పిన్ను పెడతాను. యాప్‌లు శాశ్వతం కావు. వండర్‌లిస్ట్ అని ఎంతోమంది ఇష్టంగా వాడిన టు-డూ యాప్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2020 మేలో అది మూతపడింది. వాడేవాళ్లు జాబితాలన్నీ టు డూలోకి మార్చుకోవాల్సి వచ్చింది. రేపటి పనుల జాబితా పోతే మళ్లీ రాసుకోవచ్చు. పదకొండేళ్ల కొలతలు పోతే నేనేం చేయను? మీ పిల్లల టీకాల వివరాలు, అత్తగారి మందుల చీటీలు కూడా అలాగే ఫైలులో ఉంచండి.

చివరగా ఫోన్‌లో చూసుకోవలసినవి రెండు. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ తెరవగానే నోటిఫికేషన్లు పంపనా అని అడుగుతుంది. చాలామంది తొందరలో వద్దని నొక్కేస్తారు, తర్వాత అది గుర్తుచేయడం లేదని యాప్‌నే తీసేస్తారు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీద నొక్కి నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి. అక్కడే బ్యాటరీ అన్నచోట దీనికి ఆంక్షలు లేకుండా పెట్టండి. మీరు తీసేసిన మూడు యాప్‌లలో ఒకటైనా ఈ కారణంగానే పనిచేయకపోయి ఉండొచ్చు. అలాంటిది ఏదైనా మీకు నచ్చి ఉంటే, కొత్తది వెతక్కుండా దాన్నే మళ్లీ వేసుకుని, రెండు జాబితాలతో ఒక నెల వాడి చూడండి.