మెనూ నా దగ్గర పనిచేస్తోంది, వేరేవాళ్ల దగ్గర ఎందుకు తెరుచుకోవడం లేదు?

ప్రశ్న: ఈమాక్స్ టెక్స్ట్ ఎడిటర్‌లో ట్రాన్సియెంట్ అనే మెనూల లైబ్రరీ వాడి ఒక కమాండ్ మెనూ చేసుకున్నాను. ఒక కీ నొక్కితే మెనూ వస్తుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో పని. ప్యాకేజీ చేసి స్నేహితుడికి ఇస్తే ‘ఫంక్షన్ లేదు’ అని ఎర్రర్. ఈమాక్స్ ప్యాకేజీలు దొరికే మెల్పాకు పంపే ముందు ఏం సరిచూసుకోవాలి?

జవాబు: ముందు ట్రాన్సియెంట్ వెర్షన్ చూడండి. మ్యాగిట్ (ఈమాక్స్‌లో గిట్ వాడుకునే ప్యాకేజీ) కోసం పుట్టిన ఈ లైబ్రరీ 2022లో వచ్చిన ఈమాక్స్ 28.1 నుంచి ఎడిటర్‌తో పాటే వస్తోంది, అందుకే అది అందరి దగ్గరా ఉంటుందని ధైర్యంగా ఉంటాం, కానీ అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండదు. మీరు మ్యాగిట్ వాడుతుంటే దానితో పాటు కొత్తది దిగి ఉంటుంది, మీ స్నేహితుడి దగ్గర ఎడిటర్‌తో వచ్చిన పాతదే ఉండి ఉంటుంది. ఫైలు మొదట్లోని ‘ప్యాకేజ్-రిక్వైర్స్’ లైనులో ఈమాక్స్ వెర్షన్ ఒక్కటే రాసి వదిలేస్తే ఇన్‌స్టాలర్‌కు ఈ సంగతి తెలిసే దారే లేదు. ట్రాన్సియెంట్ పేరు, దాని కనీస వెర్షన్ కూడా రాయండి. మీ దగ్గరున్న వెర్షన్ నంబరు కాదు, మీరు వాడిన ఫంక్షన్లన్నీ ఉన్న అతి పాత వెర్షన్ నంబరు. ఇన్‌స్టాల్ అయ్యాక ఈమాక్స్ ఒకసారి మూసి తెరవమని రీడ్‌మీలో చెప్పండి, ఎందుకంటే పాత కాపీ అప్పటికే లోడ్ అయి ఉంటే కొత్తది డిస్క్ మీద ఉన్నా ఎర్రర్ అలాగే వస్తుంది.

ఆటోలోడ్ దగ్గర, అంటే కమాండ్‌ను మొదటిసారి పిలిచినప్పుడే దాని ఫైలు లోడ్ అయ్యేలా చేసే ఏర్పాటు దగ్గర కూడా చాలామంది ఇరుక్కుంటారు. మామూలు ఫంక్షన్ పైన ఆటోలోడ్ కామెంట్ పెడితే సరిపోతుంది, కానీ మెనూని నిర్వచించే మాక్రోను పాత ఈమాక్స్‌లు గుర్తుపట్టవు, దాంతో మొత్తం కోడ్‌ను ఆటోలోడ్ ఫైల్లోకి కాపీ చేసేస్తాయి. ఆ కామెంట్ లైనులోనే ఆటోలోడ్ ఆదేశాన్ని పూర్తిగా రాసేయండి, మ్యాగిట్ కూడా అలాగే చేస్తుంది.

పరీక్షించేది మాత్రం మీ రోజువారీ సెటప్‌లో వద్దు. ఈమాక్స్ 29 నుంచి, సెట్టింగులు ఏ ఫోల్డర్ నుంచి తీసుకోవాలో చెప్పే ‘ఇనిట్-డైరెక్టరీ’ ఆప్షన్ ఉంది, దానికి ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, అక్కడ మీ ఫైలును ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసి, మెనూలో ఉన్న ప్రతి అక్షరమూ నొక్కి చూడండి. బైట్-కంపైల్ (కోడ్‌ను కంపైల్ చేసేది), చెక్‌డాక్ (కోడ్‌లోని వివరణలను సరిచూసేది), ప్యాకేజ్-లింట్ (ప్యాకేజీ వివరాలను సరిచూసేది) ఈ మూడింటి హెచ్చరికలనూ పంపే ముందే తీర్చేస్తే మెల్పాలో రివ్యూ చేసేవాళ్లకు శ్రమ తగ్గుతుంది. వాళ్లు ఖర్చుపెట్టేది వాళ్ల సొంత సమయం, దాన్ని మనం గౌరవించాలి.

ప్రశ్న: మెనూ తెరవడానికి ప్యాకేజీలోనే ఒక కీ కేటాయించనా?

జవాబు: వద్దండి. కంట్రోల్-సీ తర్వాత ఒక అక్షరం వచ్చే కీలు, ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు ఉన్నవి వాడేవాళ్ల సొంతం, ప్యాకేజీలు వాటిని ముట్టుకోకూడదని ఈమాక్స్ నియమాల్లోనే ఉంది. మీరు కమాండ్ ఇవ్వండి, కీ ఎలా కలుపుకోవాలో రీడ్‌మీలో ఒక ఉదాహరణ రాయండి. మెనూ లోపలి అక్షరాలు మీ ఇష్టం, కాకపోతే కంట్రోల్-జీ, కంట్రోల్-ఎక్స్ జోలికి మాత్రం పోకండి. మొదటిది మెనూ నుంచి బయటపడటానికి, రెండోదాని కింద ఆప్షన్లను సేవ్ చేసుకోవడం లాంటి ట్రాన్సియెంట్ సొంత పనులు ఉంటాయి.